రేవులో ఏడు నిమిషాలు

మా ఆఫీసులో ఫిర్యాదులకు జవాబులు రాసే పెద్దక్క గురించి చెప్పాలంటే ముందు నా బుద్ధితక్కువతనం గురించి చెప్పుకోవాలి. రెండేళ్ళపాటు ఆవిడ నా వెనక బల్ల దగ్గరే కూర్చుంది. ఆ రెండేళ్ళలో నేను ఆవిడను అడిగినవి మూడే ప్రశ్నలు: స్టేప్లర్ మీ దగ్గరుందా, ఫ్యాను తగ్గించనా, ఇవాళ ఎన్ని తిట్లు వచ్చాయి.

మాది ఆన్‌లైన్ ఆటలు తయారుచేసే కంపెనీ. కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. సైకిళ్ళ దుకాణం పైన రెండో అంతస్తు, మూడు గదులు, పదకొండు మంది, గడియ సరిగ్గా పడని ఒక బాత్‌రూము. మా ఆట ఆడేవాళ్ళు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, తలా ఒక వేషం కట్టి, ఒకే లోకంలోకి దిగుతారు. ఒకరు యోధుడు, ఒకరు వైద్యురాలు, ఒకరు దొంగ. అడవులు తిరుగుతారు, మృగాలతో పోరాడతారు, పోరాడినకొద్దీ బలం పెంచుకుంటారు. ఆ లోకం ఎలా ఉండాలో, అందులో ఏ నియమం నడవాలో నిర్ణయించే డిజైనర్ని నేను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. అందుకే కళ్ళజోడుకు చోటు చాలడం లేదని మా ఆయన అంటాడు. ఇద్దరూ అబద్ధాలు చెప్పే మనుషులు కారు.

పెద్దక్కకు యాభై ఎనిమిదేళ్ళు. పొద్దున తొమ్మిదింటికి వచ్చి, చెప్పులు బల్ల కింద విప్పి, కాళ్ళు ఒక ఖాళీ అట్టపెట్టె మీద పెట్టుకుని తిట్లు చదవడం మొదలుపెట్టేది. "మీ ఆటను తగలెయ్య" అని రాసినవాడికి కూడా "బాబూ, ఏ చోట ఇబ్బంది పడ్డావో కాస్త చెబుతావా" అని రాసేది. పది వేళ్ళూ కదిలించి, కీబోర్డు వంక ఒక్కసారి కూడా చూడకుండా. ఆ వయసులో ఆ వేగం ఎక్కడిదని అడగాలని నాకు తోచలేదు.

మా ఆటను బయటికి వదిలే ముందు పరీక్షకని వెయ్యిమందిని పిలిచాం. నెల తిరిగేసరికి నూట ముప్పైమంది మిగిలారు. మా సార్, అంటే కంపెనీ యజమాని, ఆ అంకె చూసి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇంకొక్క నెల ఇస్తున్నాను. మళ్ళీ వెయ్యిమందిని పిలవండి. ముప్పయ్యో రోజు సాయంత్రం ఆరింటికి నేనే వచ్చి కూర్చుంటాను. ఆ నిమిషాన లోపల మూడు వందల మంది ఉంటే ఆట బతుకుతుంది. లేదంటే మూసేద్దాం. బిస్కెట్ల కంపెనీకి ఏదో పిల్లలాట కావాలట, అది చేసుకుందాం" అన్నాడు.

నాలుగేళ్ళ కష్టం. మా అమ్మాయికి మాటలు రాకముందు మొదలుపెట్టిన ఆట. ఇప్పుడది నాకే ఎదురు చెబుతోంది, అమ్మాయి సంగతి అంటున్నాను. 

మర్నాడు గదిలో అందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. మన ఆటలో లోపం లేదు, జనానికే ఓపిక లేదు, ఇందులో ఉన్నంత కొత్తదనం ఇంతవరకూ ఎవరూ చూపించలేదు, అని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉందని ఇప్పుడు తెలుస్తోంది గాని అప్పుడు చాలా ధీమాగా చెప్పాను. తిట్ల కాగితాలు ఇవ్వడానికి వచ్చిన పెద్దక్క గుమ్మంలో నిలబడి కిసుక్కున నవ్వింది.

"ఏంటక్కా, నవ్వొచ్చే మాటేమన్నాను?"

"ఏం లేదమ్మాయ్. కొత్తవి ఏవేవో చెబుతావని వింటున్నాను."

"ముందు యోధుడు దెబ్బలు తింటుంటే వెనక నుంచి వైద్యురాలు గాయాలు మాన్పుతుంది. ముగ్గురు కలిస్తేగాని మృగం చావదు."

"అది కంప్యూటర్లు ఇళ్ళలోకి రాకముందుదమ్మా. బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడేవాళ్ళు. ప్రాణం ఇన్ని పాయింట్లు, దెబ్బకి ఇన్ని పోతాయి, ఆ లెక్కంతా వాళ్ళదే. తర్వాత?"

"చచ్చిన మృగం పావుగంటకి అదే చోట మళ్ళీ లేస్తుంది."

"అది మేమూ చేశాం. డిస్కులో చోటు ఉండేది కాదు. కొత్త మృగాన్ని పెట్టడానికి దారిలేక చచ్చినదాన్నే లేపేవాళ్ళం."

గదిలో మిగతావాళ్ళు కిటికీ బయటికి చూడడం మొదలుపెట్టారు. నేను మాత్రం 'మేము' అన్న మాట దగ్గర ఆగిపోయాను.

"మేము అంటే ఎవరక్కా?"

అలా తెలిసింది సంగతి. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఏమిటో ఆ పూట నాకు అనుభవంలోకి వచ్చింది.

పెద్దక్క ముప్పై ఏళ్ళ కిందట ఒక కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకునే ఉద్యోగి. తాళాలు తీయడం, దుమ్ము తుడవడం, ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో పుస్తకంలో రాయించడం. అక్కడి విద్యార్థులు ఒక ఆట కట్టుకున్నారు. బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. 'నువ్వు ఇరుకు గదిలో ఉన్నావు. ఉత్తరాన ఒక తలుపుంది' అని తెర మీద వస్తుంది. 'ఉత్తరానికి వెళ్ళు' అని టైపు చేస్తే వెళతావు. ఒకేసారి పదిమంది, ఇరవై మంది, ఫోను తీగల మీదుగా వేరే ఊళ్ళ నుంచి కూడా వచ్చి ఆడేవాళ్ళు. కట్టిన పిల్లలు చదువులైపోయి ఎవరిదారిన వాళ్ళు పోయారు. ఆట మిగిలింది, తాళాలు పట్టుకుని ఈవిడ మిగిలింది. వాళ్ళు వదిలేసిన కాగితాలు చూసి ప్రోగ్రాము రాయడం తనే నేర్చుకుని, పదహారేళ్ళు ఆ లోకాన్ని నడిపింది.

మా గుంపులో అసలు ప్రోగ్రాములు రాసేవాణ్ణి మేం మౌని అంటాం. రోజుకు నాలుగు మాటలకు మించి ఖర్చుపెట్టడు. వాడు ఆవేళ లేచి తన కుర్చీ తెచ్చి పెద్దక్కకు వేశాడు.

ఆ ఆదివారం నేనూ, మౌనీ కలిసి పెద్దక్క ఇంటికి వెళ్ళాం. రెండు గదులు. ముందు గదంతా కుట్టుమిషన్ల భాగాలు, నూనె వాసన. వాళ్ళాయన మిషన్లు బాగుచేస్తాడు. మమ్మల్ని చూసి, స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని లేచాడు.

"రండి రండి. మా ఆవిడ నాతో కాపురం చేస్తూనే పక్కన ఇంకో ఊరు నడిపిందని తెలిసిందా? పెళ్ళయిన కొత్తల్లో కూర మాడిపోతే, అడవిలో ఎవరో తప్పిపోయారండీ అనేది. నిజం అడవే అనుకుని నేను టార్చిలైటు తీశాను."

"తీసినవారు పక్కింటి దాకా వెళ్ళి మనుషుల్ని కూడా పోగేశారు, అది చెప్పండి" అంది పెద్దక్క లోపల్నుంచి.

ఇనప్పెట్టెలోంచి ఆవిడ నోటుపుస్తకాలు తీసింది. ఇరవై రెండు. పదకొండు వందల నలభై చోట్లు, ప్రతి చోటుకూ చేత్తో గీసిన ఒక పటం, ప్రతి నియమానికీ ఎప్పుడు పెట్టారో, ఎందుకు పెట్టారో. చూస్తూ చూస్తూ నాకు సిగ్గేసింది. నేను కనిపెట్టాననుకున్న వాటిలో సగం అందులో ఉన్నాయి. జట్టు కట్టడం, సొత్తు పంచుకోవడం, సంఘాలు, ఆఖరికి సొత్తు దాచుకోవడానికని ప్రతి వేషానికీ తగిలించి నేను ఎంతో మురిసిపోయిన తోలుసంచి కూడా. ఆవిడేమో, ఇందులో సగం మాది కాదులే, మాకు ముందువాళ్ళ దగ్గర్నుంచి ఎత్తుకొచ్చిందే అంది.

ఒక పేజీ దగ్గర ఆవిడ వేలు ఆగింది. ఒక నది, రెండు ఒడ్లు, ఒక పడవ. 'ఏడు నిమిషాలకొకసారి' అని పక్కన రాసుంది.

"ఇది మా తెలివి కాదమ్మాయ్, మా దరిద్రం. లోకం పెద్దదయ్యేసరికి ఒక మిషన్లో పట్టలేదు. సగం ఒక మిషన్లో, సగం ఇంకోదాంట్లో పెట్టాం. మనిషిని ఇటునుంచి అటు మార్చడానికి ఏడు నిమిషాలు పట్టేది. ఊరికే ఆగమంటే తిడతారు కదా. అందుకని పడవ వస్తోంది, రేవులో ఆగండి అని రాశాం."

"అంటే లోపాన్ని కప్పిపెట్టారు."

"కప్పిపెట్టాం. కానీ రేవులో చేసే పనేముంది? మృగాల్లేవు, నిధుల్లేవు. ఏడు నిమిషాలు. ఏం చేస్తారు, మాట్లాడుకున్నారు. నీదేవూరు, మీ అమ్మకి ఒంట్లో ఎలా ఉంది, నిన్న నా పడవ తప్పిపోయింది. ఆ రేవులో రెండు పెళ్ళిళ్ళు కుదిరాయి. ఒకాయనకి పరీక్ష లెక్కలన్నీ రేవులోనే చెప్పారు. మా తర్వాత బొమ్మల ఆటలు చేసినవాళ్ళు కొందరు పడవ ఉంచారు. ఆ తర్వాతి వాళ్ళు టైము దండగని తీసేశారు. నువ్వు వాళ్ళని చూసి నేర్చుకున్నావు."

మా ఆటలో పటం మీద వేలు పెడితే చాలు, మనిషి అక్కడ తేలతాడు. అది నేను గొప్పగా చెప్పుకునే సౌకర్యం. మౌని నా ముఖం చూసి పుస్తకంలోకి తల దించుకున్నాడు.

మీ ఆట ఏమైందని అడిగాను.  కాలేజీకి కొత్తగా వచ్చిన పెద్దాయన గది ఖాళీ చేయమన్నాడట. శుక్రవారం సాయంత్రం మిషన్లు ఆపేయాలని మధ్యాహ్నం చెప్పాడట. అప్పటికి రేవులో పంతొమ్మిది మంది పడవ కోసం నిలబడి ఉన్నారు. 'పడవ ఇక రాదు. అందరూ జాగ్రత్తగా ఇళ్ళకు వెళ్ళండి' అని టైపు చేసి, స్విచ్చి ఆవిడే కట్టేసింది.

"వాళ్ళలో ఒక్కరి అసలు పేరు కూడా నాకు తెలీదు. అడగాలని ఎప్పుడూ అనిపించలేదు, రేపు కనబడతారు కదా అని" అంది. వాళ్ళాయన స్క్రూడ్రైవరు చెవి మీంచి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

నేను కరిగిపోయానని అనుకోకండి. ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ముప్పై ఏళ్ళనాటి మిషన్ల నత్తనడకను తెచ్చి నా ఆటలో పెట్టాలా, అని. ఆయన పళ్ళెం కడుగుతూ, మరి ఆ పోయిన ఎనిమిది వందల డెబ్భై మంది ఎందుకు పోయారు, అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని కసిరాను గాని, పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఆ లెక్కే తీశాను. వెళ్ళిపోయినవాళ్ళలో చాలామంది ఆ నెలంతా ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ముగ్గురు కలిసి మృగాన్ని చంపడం, ఎవరి దోవన వాళ్ళు మాయమవడం. అంత పెద్ద లోకం కట్టి, అందులో ఒక్కొక్కర్నీ ఒక్కొక్క గదిలో పెట్టి తాళం వేశాను నేను.

సరే అన్నాను. రెండో పరీక్షకు వారమే ఉంది. పటం మీద వేలు పెట్టే సౌకర్యం తీసేశాం. పెద్దక్క పుస్తకం ముందేసుకుని నియమాలు ఒక్కొక్కటే దించాం. ఏడు నిమిషాలకు ఒక పడవ. ఎవరు ముందొస్తే వాళ్ళు ఎక్కాలి. నీళ్ళలో మనిషి ఉండగా పడవ కదలకూడదు. మౌని పేజీ తిప్పబోతే, ఇది చాలు, టైము లేదు, అని నేనే పుస్తకం మూసేశాను.

మొదటిరోజు రెండు వందల తిట్లొచ్చాయి. అన్నీ పడవ మీదే. 'ఇది ఆటా, బస్టాండా' అని ఒకడు. 'మా నాయనమ్మ ఇంతకంటే జోరుగా నడుస్తుంది' అని ఇంకొకడు. మూడో రోజుకు నాలుగు వందలు. నాకు కాలుగాలిన పిల్లిలా ఒకచోట నిలవబుద్ధి కాలేదు. పడవ తీసేద్దామని పెద్దక్క బల్ల మీద చెయ్యి కొట్టాను. ఆవిడ తాపీగా కళ్ళజోడు సర్దుకుంది.

"పాతికేళ్ళ నుంచి ఏదో ఒకచోట తిట్లు చదువుతూనే ఉన్నానమ్మాయ్. తిట్టేవాడు ఎక్కడికీ పోడు. మాట్లాడకుండా ఉన్నాడే, వాడే పోతాడు. ఈ నాలుగు వందల మందిలో ఇవాళ రానివాళ్ళు ఎందరో చూడు."

చూశాను. పదకొండు మంది. మిగతావాళ్ళందరూ పడవను తిట్టుకుంటూనే రేవులో నిలబడి ఉన్నారు, పక్కవాడితో కలిసి తిట్టుకుంటూ. రెండో వారానికి రేవులో ఒకావిడ రోజూ పొడుపు కథలు వేయడం మొదలుపెట్టింది. మూడో వారానికి పడవ దొరికినా ఎక్కకుండా తర్వాతి పడవకు వస్తామని ఆగిపోయేవాళ్ళు కనిపించారు.

ముప్పయ్యో రోజు వచ్చింది. మధ్యాహ్నం నుంచీ లోపల రెండు వందల డెబ్భై, రెండు వందల ఎనభై మధ్య ఊగుతోంది అంకె. సాయంత్రానికి ఇంకొందరు వస్తారని మా ఆశ. నాలుగుంబావుకి మౌని నోరు తెరిచాడు.

"పడవ ఆగిపోయింది."

నది నడిమధ్యలో, అరవై ముగ్గురితో. ఎవరో ఒకడు పడవ అంచు మీద గంతులేస్తూ నీళ్ళలో పడ్డాడు. పడ్డవాడు ఎక్కడం లేదు, కదలడం లేదు, పలకడం లేదు. నీళ్ళలో మనిషి ఉండగా పడవ కదలదు. నియమం మేం రాసిందే. పెద్దక్క గబగబా పుస్తకం తీసి పేజీ తిప్పింది. వెనకవైపు రాసుంది: 'పడ్డవాడు రెండు నిమిషాలు పలక్కపోతే పడవవాడు పైకి లాగాలి.' ఆ పేజీ తిప్పనివ్వనిది నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

ఇప్పుడు ఆ నియమం చేర్చాలంటే ఆట మొత్తం ఆపి మళ్ళీ మొదలెట్టాలి. అందరూ బయటపడతారు, ఆరింటికి ఎందరు తిరిగొస్తారో ఎవరికీ తెలియదు. ఇంకో దారి ఉంది. నీళ్ళలో ఉన్నవాణ్ణి తుడిచేయడం. వాడు నెలరోజులు సంపాదించుకున్న బలం, సంచి, స్నేహితుల జాబితా, అన్నీ పోతాయి. పడవ మాత్రం కదులుతుంది.

"ఒక్కడు కదా, తుడిచేద్దాం" అన్నాను. నిజంగానే అన్నాను. మౌని ఆజ్ఞ టైపు చేసి, కుర్చీ పక్కకు జరిపి, ఆఖరి మీట నొక్కే పని నాకు వదిలేశాడు.

"వాళ్ళని అడిగి నొక్కు" అంది పెద్దక్క. నా జవాబు కోసం ఆగకుండా తన వేషంలో ఆటలోకి దిగి పడవలో తేలింది. 'క్షమించండి, తప్పు మాదే. నీళ్ళలో ఉన్న మనిషిని తీసేస్తే పడవ కదులుతుంది. అతని ఆట మాత్రం మొదటికొస్తుంది. ఏం చెయ్యమంటారు?' అని రాసింది.

తిట్లు కురుస్తాయనుకున్నాను. ఒక జవాబొచ్చింది. 'వద్దు.' వెంటనే ఇంకోటి. 'పాపం, నిన్ననే వాడి బలం పదో మెట్టుకెక్కింది.' పొడుపు కథలావిడ రాసింది: 'కరెంటు పోయిందేమో. వస్తాడు. మాకేం తొందర లేదు.'

అరవై ముగ్గురూ కూర్చున్నారు. వంతులవారీగా ఇద్దరు నీళ్ళలోకి దిగి, వాడి చుట్టూ తిరుగుతూ చేపలు కొరక్కుండా కాపలా కాశారు. మా నదిలో కొరికే చేపలు లేవని వాళ్ళకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఈ సంగతి ఎలా పాకిందో గాని రెండు ఒడ్ల మీదా జనం చేరారు. 'వచ్చాడా?' 'ఇంకా లేదు.' ఇళ్ళ నుంచి కొత్తగా లోపలికి వచ్చినవాళ్ళు కూడా ముందు అదే అడుగుతున్నారు.

మా సార్ ఐదుంబావుకే వచ్చాడు. ఏమైందంటే చెప్పాను, తప్పు నాదని కూడా చెప్పాను. ఆయన ఏదో అనబోయి, తెర మీద ఎవరో వాడి గురించి రాస్తున్నది చదివి, నా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీ తెచ్చిస్తే చల్లారిపోయింది. నేను వేలు మీట పక్కనే పెట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఎప్పుడో తీసేశాను.

నీళ్ళలో మనిషి కదిలాడు. పెద్దక్క నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా, నొప్పి పుట్టేలా. రెండు ఒడ్లూ అక్షరాలతో నిండిపోయాయి. ఎవరో చెయ్యి అందిస్తే వాడు పడవెక్కాడు.

మౌని గోడ గడియారం వైపు చూపించాడు. ఆరూ ఇరవై. ఆరింటికి లెక్క చూడాల్సిన మా సార్ అప్పుడు తుళ్ళిపడి, "ఎంతమంది ఉన్నారు?" అన్నాడు. నాలుగు వందల పన్నెండు. ఆయన తలూపి మళ్ళీ తెరవైపు తిరిగాడు.

"ఉండండి, వాడేదో రాస్తున్నాడు" అన్నాడు.

'మా వీధిలో కరెంటు పోయింది. పడవ ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. నాకోసం ఎందుకు ఆగారు? నేనెవరో కూడా మీకు తెలీదు కదా.'

పడవలోంచి ఎవరో జవాబు రాశారు.

'ఇప్పుడు తెలుసు. రెండు గంటల నుంచి నీ గురించే మాట్లాడుకుంటున్నాం.'